పాత జీపు దారిలో ఆగినప్పుడు: నిప్పురవ్వ మార్గమును పరీక్షించు విధము

గత వేసవిలో నారాయణఖేడ్‌కు సమీపమున నున్న ఒక గ్రామమునకు ప్రచార కార్యక్రమము నిమిత్తము వెళ్లినప్పుడు పంచాయతీ కార్యాలయము అరుగు మీద ఒక తగవు నడుచుచుండెను. ఒక వైపు పాత పెట్రోలు జీపు యజమాని, మరియొక వైపు దానిని బాగుచేసిన మెకానిక్. మధ్య సర్పంచు, నలుగురు వార్డు సభ్యులు. ఆ జీపు సమితుల కాలములో వేలమునకు రాగా యజమాని తండ్రి కొనినది. ఇప్పుడు కుమారుడు దానిని పండుగలకు, ఊరేగింపులకు మాత్రమే బయటికి తీయుచున్నాడు.

శ్రీరామనవమి ఊరేగింపు నాడు అది ఆలయము ముందు ఆగి మరల కదలలేదు. మెకానిక్ కాయిల్ మార్చెను. రెండు రోజులు నడిచి మరల ఆగెను. పాయింట్లు మార్చెను, కార్బ్యురేటరు విప్పి కడిగెను, ప్లగ్గులు నాలుగును క్రొత్తవి వేసెను. ప్రతిసారియు జీపు అరగంట నడుచును, ఆగును. నీడలో నిలిపి టీ త్రాగి వచ్చునంతలో మరల నడుచును. తుదకు మెకానిక్, “అన్నా, ఇంజను పని అయిపోయింది, డీజిలు ఇంజను వేయించుకో, లేకుంటే తుక్కుకు అమ్ముకో” అనెను. బాగుపడని బండికి డబ్బెందుకు ఈయవలెనని యజమాని భీష్మించెను.

సభ్యులు ఇరువురి మాటయు వినిరి. ఎవరు ఎంత ఇచ్చినారు, ఎవరు ఎన్ని దినములు పని చేసినారు అను లెక్క తేలినది గాని, జీపు ఎందుకు ఆగుచున్నదో తేలలేదు. నిప్పురవ్వ ఎంతవరకు వచ్చుచున్నది, ఎక్కడ తప్పుచున్నది అని అడిగినవారు ఆ అరుగు మీద లేరు. ఈ ప్రశ్న అడుగుట తెలిసియుండిన తగవు మొదటి దినముననే తీరియుండెడిది. ఆ ప్రశ్నను ఏ వరుసలో అడుగవలెనో, దానికి జవాబును చిన్న బల్బు ఒక్కటితో ఎట్లు రాబట్టవలెనో తెలుపుటకే ఈ పాఠము.

జీపు మన పల్లెలకు వచ్చిన కథ

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము దేశమున ప్రారంభమైనది. అప్పటి నుండి బ్లాకు అభివృద్ధి అధికారి యనిన ప్రజలకు మొదట గుర్తు వచ్చునది ఆయన జీపు. నారాయణఖేడ్ తాలూకా అప్పటికి హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లాలో ఉండెను. 1956లో రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరినది. 2016లో సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చినది. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడిన పిమ్మట ‘సమితి జీపు’ అను మాట పల్లెలలో సామెతవలె నిలిచిపోయినది. వానకాలములో నల్లరేగడి బాటలలో మరే వాహనమును పోలేని చోటికి నాలుగు చక్రములకును శక్తి నందుకొని అది పోగలిగెడిది. మహీంద్రా కంపెనీ వారు బొంబాయిలో తయారుచేసిన ఈ జీపులలో చాలాకాలము ఉన్నది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. తరువాత డీజిలు ఇంజన్లు వచ్చినవి. చాలమంది పెట్రోలు ఖర్చు భరింపలేక పాత ఇంజను తీయించి డీజిలుది పెట్టించిరి. అందుచేత పెట్రోలు ఇంజనుతో మిగిలిన పాత జీపులు నేడు అరుదు.

ఇక్కడ ఒక మాట స్పష్టము చేయవలెను. పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద మన గ్రామ పంచాయతీలకు సమకూరిన ట్రాక్టర్లు డీజిలువి. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కుటచే పుట్టిన వేడికే నూనె అంటుకొనును. నిప్పురవ్వ, ప్లగ్గు, కాయిల్, డిస్ట్రిబ్యూటరు అందులో ఉండవు. ఎవరైనను పంచాయతీ ట్రాక్టరునకు కాయిల్ మార్చినట్లు బిల్లు తెచ్చినచో ఆ బిల్లును అక్కడనే ఆపవచ్చును.

నిప్పురవ్వ పుట్టు విధము

పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు కలిసిన ఆవిరిని అంటించుటకు ప్లగ్గు కొసన నిప్పురవ్వ కావలెను. బ్యాటరీలోని 12 వోల్టులు ఆ పనికి చాలవు. నొక్కుడులో ఉన్న ఆవిరి గుండా రవ్వ దుమికింపవలెనన్న వేల కొలది వోల్టులు కావలెను. అంత వోల్టేజీని తెచ్చునది కాయిల్. అందులో ఇనుపరేకుల చుట్టు రెండు చుట్లు కలవు. ఒకటి లావు తీగతో కొద్ది చుట్లు, మరియొకటి సన్నని తీగతో వేల చుట్లు. లావు తీగలో కరెంటు పారుచున్నంతసేపు అయస్కాంత శక్తి నిలువ యుండును. ఆ కరెంటును తటాలున తెంచినప్పుడు ఆ శక్తి ఒక్కసారిగా కుప్పకూలి సన్న తీగలో 15, 20 వేల వోల్టులను పుట్టించును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన సూత్రమే ఇది. మన ఊరి ట్రాన్స్‌ఫార్మరులో పని చేయునదియు అదే. దానిని బ్యాటరీతో మోటారు వాహనమునకు నప్పునట్లు కూర్చినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ కెట్టరింగ్. ఇది సుమారు 1910 నాటి మాట. 1912లో సెల్ఫ్ స్టార్టరును కాడిలాక్ కారునకు అమర్చినవాడును ఈయనే.

కరెంటును తెంచు పని పాయింట్లది. డిస్ట్రిబ్యూటరు నడుమ నున్న ఇరుసు మీద నాలుగు మూలల చక్రమొకటి తిరుగును. మూల వచ్చినప్పుడెల్ల పాయింట్లు విడిపోవును, మూల దాటగానే కలియును. విడిపోవునప్పుడు వాటి మధ్య మంట లేవకుండ ప్రక్కనే బొటనవ్రేలంత కండెన్సరు కరెంటును తనలోనికి పీల్చుకొనును. పుట్టిన పెద్ద వోల్టేజీ లావు రబ్బరు తీగ ద్వారా డిస్ట్రిబ్యూటరు మూత నడిమికి వచ్చి, అక్కడి బొగ్గుముక్క గుండా రోటరును చేరి, రోటరు ఎదుట ఉన్న ప్లగ్గు తీగలోనికి దుముకును. జీపు ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచున్నప్పుడు పాయింట్లు నిమిషమునకు 4,000 సార్లు విడిపోవలెను. వెంట్రుకవాసి ఎడము తేడా వచ్చినను ఇంజను మూల్గుటలో ఆశ్చర్యము లేదు.

మార్గములోని మజిలీలు వరుసగా బ్యాటరీ, తాళపుచెవి స్విచ్చి, కాయిల్, పాయింట్లు, కండెన్సరు, మూత, రోటరు, తీగలు, ప్లగ్గు. చెరువు నీరు పొలమునకు చేరలేదన్న కాలువ వెంట నడచి గండి ఎక్కడ పడినదో చూచినట్లే ఇక్కడను చూడవలెను. మన మెకానిక్ చేసిన పొరపాటు ఇదే. అతడు కాలువ వెంట నడువలేదు. తూము ఒకసారి, కాలువ ఒకసారి, పొలము గట్టు ఒకసారి మార్చెను.

పెట్రోలా, రవ్వా?

ఆగిన బండికి మొదట తేల్చవలసినది ఇది. ప్లగ్గు విప్పి చూడవలెను. తడిగా ఉండి పెట్రోలు వాసన వచ్చినచో ఇంధనము చేరుచున్నది, రవ్వ లేదు. ఎండి యున్నచో పెట్రోలు వైపు వెదకవలెను. విప్పిన ప్లగ్గును దాని తీగకే తగిలించి, ఇనుప శరీరము ఇంజను లోహమునకు గట్టిగా తగులునట్లు ఉంచి, మరొకరిచే సెల్ఫ్ తిప్పించవలెను. నీలపు రవ్వ టక్కు టక్కుమని దుమికిన రవ్వ బలముగా నున్నది. పసుపు లేక ఎర్రని సన్నరవ్వ బలహీనము. ఇది చేయునప్పుడు ప్లగ్గు విప్పిన రంధ్రము నుండి ఆవిరి వెడలును గనుక రవ్వను ఆ రంధ్రమునకు, కార్బ్యురేటరునకు దూరముగా ఉంచవలెను. సమీపమున పెట్రోలు డబ్బా ఉండరాదు. బీడీ త్రాగువారిని దూరముగా పొమ్మనవలెను. తీగను ఒట్టిచేత పట్టుకొనరాదు. ఆ కరెంటు తగిలి చేయి విదిలించినప్పుడు తిరుగుచున్న ఫ్యాను రెక్కకు తగిలి గాయపడు ప్రమాదము కలదు. గుండె జబ్బు ఉన్నవారు ఈ పనికి అసలు పూనుకొనరాదు.

వేసవిలో ఒక చిక్కు వచ్చును. ఎండ మండుచున్నప్పుడు పెట్రోలు గొట్టములోనే ఆవిరియై పంపునకు అందదు. బండి ఆగును, చల్లారిన పిమ్మట నడుచును. కాయిల్ వేడెక్కి చెడినను సరిగా ఇదే లక్షణము. ఈ రెంటిని ఇంటికి వచ్చిన తరువాత చెప్పుట ఎవరి తరము కాదు. ఆగిన చోటనే, ఆగిన నిమిషముననే రవ్వను పరీక్షింపవలెను. వేడిలో రవ్వ నిక్షేపముగా నున్నచో దోషము పెట్రోలు ఆవిరియగుట, లేనిచో కాయిల్ లేక కండెన్సరు. మన తగవులోని జీపు చల్లారిన పిమ్మటనే ప్రతిసారియు మెకానిక్ చేతికి వచ్చినది. అతనికి దోషము కనబడకపోవుటలో వింత లేదు. ప్రసంగవశమున మరియొకటి: ఇప్పుడు బంకులలో లభించు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలిసి యుండును. పాతకాలపు రబ్బరు గొట్టములు, పంపులోని పొర దానికి మెత్తబడి చీలవచ్చును గనుక వాటిని ఏటేట చూచుకొనవలెను.

డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూచుట

కాయిల్ నుండి వచ్చు లావు తీగను మూత నుండి ఊడదీసి, దాని కొసను పొడి కర్రతో లేక రబ్బరు పట్టుతో ఇంజను లోహమునకు పావు అంగుళము దూరమున ఉంచి సెల్ఫ్ తిప్పినప్పుడు అక్కడ మంచి రవ్వ వచ్చుచు ప్లగ్గు వద్ద రానిచో, దోషము మూత, రోటరు, ప్లగ్గు తీగలలో నున్నదని రూఢియగును. ఇక కాయిల్, పాయింట్లను ముట్టుకొనవలసిన పని లేదు. ఈ ఒక్క పరీక్ష దోషమున్న సగమును, లేని సగమును వేరు చేయును.

మూతను వెలుతురులో త్రిప్పి చూడవలెను. లోపల పెన్సిలు గీతవలె సన్నని నల్లని చార కనబడిన అది పగులు. పగులు వెంట మసి పేరుకొని రవ్వ ఆ దారిన ఎర్తునకు పారిపోవుచున్నదన్నమాట. దానిని గీకి వాడుట తాత్కాలికమే, మూత మార్చవలసినదే. నడిమి బొగ్గుముక్క స్ప్రింగు మీద ఆడుచున్నదో లేదో వ్రేలితో నొక్కి చూడవలెను. అది విరిగి పడిపోయినను బండి కొంతకాలము నడుచును, తరువాత రోటరును కాల్చివేయును. వర్షాకాలములో రాత్రి బయట నిలిపిన జీపు తెల్లవారి కదలనిచో, తొంబది పాళ్లు మూత లోపలి చెమ్మయే కారణము. పొడి గుడ్డతో తుడిచి కొంతసేపు ఎండలో పెట్టిన చాలును. చాలకాలము కొట్టములో నిలిపియుంచిన బండికి ఎలుకలు తీగల మీది రబ్బరు కొరికి యుండును. ఆ తీగలను చీకటిలో చూచినచో రవ్వ బయటికి మెరయుట కంటికి కనబడును.

ప్లగ్గు తీగలు ఊడదీయుటకు ముందు ప్రతి తీగకు సుద్దతో అంకె వేయవలెను. జీపు ఇంజనులో రవ్వ వచ్చు వరుస 1, 3, 4, 2. రోటరు ఏ వైపు తిరుగునో స్వయముగా చూచి ఆ వైపుగానే ఈ వరుసను పెట్టవలెను. రెండు తీగలు తారుమారైన ఇంజను కార్బ్యురేటరు నుండి, సైలెన్సరు నుండి తుపాకి పేల్చినట్లు పేలును. చూచువారు ఇంజను పగిలినదనుకొందురు.

కాయిల్ తీగ వద్దనే రవ్వ లేనప్పుడు

ఇప్పుడు బల్బు కావలెను. 12 వోల్టుల చిన్న బల్బునకు రెండు తీగలు అతికించి, ఒకదానిని ఇంజను లోహమునకు తగిలించి, రెండవదానిని తాళపుచెవి వైపు నుండి కాయిల్‌లోనికి తీగ వచ్చు మొనకు తాకింపవలెను. తాళము వేసినప్పుడు వెలుగనిచో బ్యాటరీ నుండి కాయిల్ వరకు ఎక్కడనో తీగ తెగినది, లేక స్విచ్చి చెడినది. వెలిగినచో బల్బును డిస్ట్రిబ్యూటరు వైపు మొనకు మార్చి ఇంజనును మెల్లగా తిప్పింపవలెను. పాయింట్లు కలిసినప్పుడు బల్బు ఆరును, విడిపోయినప్పుడు వెలుగును. వెలుగుచు ఆరుచు నున్నచో పాయింట్లు పని చేయుచున్నవి, కాయిల్‌నో కండెన్సరునో అనుమానింపవలెను. ఎల్లప్పుడు వెలుగుచునే యున్న పాయింట్లు కలియుట లేదు. మసిబారినవో, నూనె పడినదో, ఎడము మితిమీరినదో చూడవలెను. అసలు వెలుగనిచో కరెంటు ఎక్కడనో నేరుగా ఎర్తగుచున్నది, లేక ఆ మొన వరకు రాకున్నది: పాయింట్లు విడిపోకుండ అతుకుకొనియైనను ఉండును, కండెన్సరు లోపల షార్టయైనను ఉండును, కాయిల్ లోపలి తీగ తెగియైనను ఉండును. డిస్ట్రిబ్యూటరు తీగను కాయిల్ నుండి విడదీసినప్పుడు బల్బు వెలిగినచో కాయిల్ మంచిది, షార్టు డిస్ట్రిబ్యూటరులో నున్నది.

ఆ షార్టునకు సాధారణ కారణము మెకానిక్ చేయి తప్పుటయే. పాయింట్ల స్ప్రింగు, కండెన్సరు తీగ ఒకే మరకు బిగింపబడి, ఆ మర పళ్లెమునకు తగులకుండ రెండు చిన్న అట్టబిళ్లలు ఉండును. పాయింట్లు మార్చునప్పుడు ఆ బిళ్ల ఒకటి వరుస తప్పినను, నేల మీద రాలినను రవ్వ చచ్చిపోవును. క్రొత్త పాయింట్లు వేసిన మరుక్షణము బండి కదలకపోయిన మొదట వెదకవలసినది ఆ బిళ్లనే.

జీపు పాయింట్ల ఎడము 0.020 అంగుళము, అనగా అర మిల్లీమీటరు. ప్లగ్గు ఎడము 0.030 అంగుళము. పాయింట్ల ఎడమును ఫీలరు గేజితో కొలుచునప్పుడు చక్రము మూల సరిగా పాయింట్ల కాలి మీదికి వచ్చియుండవలెను. తాళము తీసివేసి, ముందరి పిడితో ఇంజనును కొద్ది కొద్దిగా తిప్పి ఆ స్థితికి తేవచ్చును. పిడి తిప్పునప్పుడు బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ల వైపుననే ఉంచవలెను, పిడి చుట్టు చుట్టరాదు. ఇంజను వెనుకకు తన్నినప్పుడు బొటనవ్రేలు విరిగినవారిని పాత డ్రైవర్లు ఎందరినో చెప్పుదురు. గరుకుబారిన పాయింట్లను సన్నని ఆకురాయితో సాపు చేయవచ్చును గాని ఎమరీ కాగితము పనికిరాదు. దాని రేణువులు లోహములో దిగబడి మరల కాల్చును. సాపు చేసిన పిమ్మట శుభ్రమైన గట్టి కాగితమును మధ్యనుంచి లాగవలెను.

కండెన్సరు విషయమున మోసపోనివారు లేరు. చెడిన కండెన్సరు చూచుటకు మంచిదానివలెనే యుండును. మూత తీసి ఇంజను తిప్పినప్పుడు పాయింట్ల మధ్య పెద్ద నీలి మంట కనబడుట, కొద్ది దినములలోనే పాయింట్లు కాలి గుంట పడుట దాని గుర్తులు. కొలుచు సాధనము లేనిచోట మంచిదని తెలిసిన మరొకదానిని తగిలించి చూచుటయే పరీక్ష. ఖరీదు స్వల్పమే గనుక ఒకటి అదనముగా బండిలో ఉంచుకొనుట మేలు. క్రొత్తదియే గదా అని నమ్మరాదు. క్రొత్త డబ్బాలో చెడినవియు వచ్చును.

ఇరుసు అరిగిన డిస్ట్రిబ్యూటరు మరియొక తంటా. రోటరును పట్టి ప్రక్కకు ఊపినప్పుడు ఆట తెలిసినచో, పాయింట్ల ఎడము ఒక్కొక్క మూల వద్ద ఒక్కొక్క విధముగా నుండును. ఎన్నిసార్లు సరిచేసినను నిలువదు. లోపలి బుష్షులు మార్చవలెను. డిస్ట్రిబ్యూటరును బయటికి తీయవలసి వచ్చిన రోటరు చూపు దిక్కును, గిన్నె నిలిచిన చోటును ఇంజను మీద గీత గీసి పెట్టుకొని తీయవలెను. పాత జీపునకు రవ్వ పిస్టను పై కొసకు 5 డిగ్రీల ముందు రావలెను. గీత తప్పి బిగించినచో ఇంజను వేడెక్కి, గట్టెక్కలేక, పెట్రోలు త్రాగును.

ఎలక్ట్రానిక్ పద్ధతి

1970 తరువాత విదేశములలో కార్ల కంపెనీలు పాయింట్లను తొలగింప నారంభించినవి. 1973 నాటికి అమెరికాలో క్రిస్లర్ కంపెనీ తన కార్లన్నిటికి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చినది. నేడు పాత బండ్లకు సరిపడునట్లు డిస్ట్రిబ్యూటరు లోపలనే ఇముడు చిన్న పరికరములు అమ్ముచున్నారు. చక్రము మీద అయస్కాంతములు గల ఉంగరము తొడుగుదురు. పాయింట్ల స్థానములో నున్న పరికరము ఆ అయస్కాంతము దాటిపోవుటను కనిపెట్టి ట్రాన్సిస్టరు ద్వారా కరెంటును తెంచును. రాపిడి లేదు, కాలుట లేదు, కండెన్సరు అక్కరలేదు. ఇరుసు కొద్దిగా అరిగినను అంతగా లెక్కచేయదు. అయితే మూత, రోటరు, తీగలు పాతవే గనుక వాటి జబ్బులు అట్లే యుండును. ఎలక్ట్రానిక్ వేయించినాము గదా అని వానలో ఆగిన బండికి ఆ పరికరమును నిందించుట తగదు.

నా అభిప్రాయములో పల్లెలో నడుచు పాత బండికి పాయింట్లే విశ్వసనీయము. పాయింట్లు చెప్పి చెప్పి చెడును, దారి ప్రక్కన ఆకురాయితో బాగుపడును. ఎలక్ట్రానిక్ పరికరము చెడినప్పుడు చెప్పకుండ చెడును, నారాయణఖేడ్‌లో ఆకురాయితో బాగుపడదు. అది వేయించుకొనువారు తీసిన పాయింట్ల పళ్లెమును కండెన్సరుతో సహా గుడ్డలో చుట్టి బండిలోనే ఉంచుకొనవలెను.

ఆ పరికరమును చంపునవి ముఖ్యముగా మూడు. మొదటిది తీగలు తారుమారు. సాధారణముగా ఎర్రతీగ తాళపుచెవి వైపు మొనకు, నల్లతీగ డిస్ట్రిబ్యూటరు వైపు మొనకు బిగించుదురు. బ్యాటరీ ఏ మొన శరీరమునకు ఎర్తయి యున్నదో చూడకుండ బిగించినచో క్షణములో కాలును. పాతకాలపు ఇంగ్లీషు బండ్లలో ధనధ్రువము ఎర్తుగా నుండుట కలదు. రెండవది ఇంజను నడువకుండ తాళము వేసియుంచుట. మూడవది బ్యాటరీ తీగ విప్పకుండ బండికి ఎలక్ట్రిక్ వెల్డింగు చేయుట. పరీక్షించునప్పుడు సైతము లావు తీగను గాలిలో వ్రేలాడదీసి తిప్పరాదు. రవ్వ పోవుటకు దారి లేక పరికరములోనికి తన్నును. ప్లగ్గునకు తగిలించి ప్లగ్గును ఎర్తు చేసియే తిప్పవలెను.

అరుగు మీద తేలిన సంగతి

మధ్యాహ్నము సభ్యుల ఎదుటనే జీపును నడిపించి, ఆగువరకు ఊరి చుట్టు తిప్పించితిమి. ఆగిన వెంటనే రవ్వ చూడగా పసుపుపచ్చగా, ఉండియు లేనట్లుగా నుండెను. కాయిల్ మీద చేయి ఆనలేదు, అంత వేడి. బోరు మోటార్లకు చుట్లు చుట్టు దుకాణము నుండి మీటరు తెప్పించి, కాయిల్ చల్లారిన పిమ్మట లావు చుట్టును కొలిచితిమి. ఒకటిన్నర ఓము. సంగతి అక్కడ తేలినది.

12 వోల్టుల పాయింట్ల బండికి నేరుగా తగిలించు కాయిల్ సుమారు 3 ఓములు ఉండవలెను. అప్పుడు పారు కరెంటు 12ను 3చే భాగించగా 4 ఆంపియర్లు. ఒకటిన్నర ఓము కాయిల్ ప్రత్యేకముగా ఒక నిరోధకముతో కలిపి వాడుటకు చేసినది. ఆ నిరోధకము లేకుండ తగిలించినచో 8 ఆంపియర్లు పారును. పాయింట్లు మాడును, కాయిల్ అర్ధగంటలో సెగలు కక్కును, చల్లారిన మరల నడుచును. పాత 6 వోల్టుల కాయిల్‌ను 12 వోల్టులకు మార్చిన జీపులో ఉంచివేసినను ఇదే ఫలితము. నిరోధకము కావలెనన్న మాట ఆ కాయిల్ డబ్బా మీద చిన్న అక్షరములతో ఇంగ్లీషులో వ్రాసియేయున్నది. మెకానిక్ వంచకుడు కాడు, చదువలేదు, అంతే. ఎలక్ట్రానిక్ పరికరము తెప్పింతునని కూడ అతడు అనియుండెను. ఆ కాయిల్‌తోనే తగిలించియుండిన దానికిని అదే గతి పట్టియుండెడిది.

మరి మొదటి కాయిల్ ఏల కాలినది? ఊరేగింపు నాడు మైకునకు కరెంటు కావలసివచ్చి, ఎవరో కుర్రవాడు కాయిల్ మొన నుండియే తీగ లాగెను. మైకు మ్రోగవలెనన్న తాళము వేసియుంచవలెను. ఇంజను ఆగియున్నది. ఆగిన ఇంజనులో పాయింట్లు కలిసిన చోటనే నిలిచియుండిన కాయిల్ గుండా 4 ఆంపియర్లు ఆగకుండ పారును. నడుచుచున్నప్పుడు కాలములో సుమారు సగమే కరెంటు పారును, విశ్రాంతి దొరకును. ఇక్కడ గంటన్నరసేపు భజన జరిగినది, కాయిల్ లోపలి నూనె మరిగినది. ఆ సంగతి యజమాని మెకానిక్‌కు చెప్పలేదు, మెకానిక్ అడుగలేదు.

సభ్యులు అప్పటికప్పుడు తీర్మానించిరి. మెకానిక్ సరియైన కాయిల్‌ను తన ఖర్చుతో వేయవలెను. యజమాని పాయింట్ల ఖరీదును, కార్బ్యురేటరు కడిగిన కూలిని ఈయవలెను. క్రొత్త ప్లగ్గుల డబ్బును చెరిసగము భరింపవలెను. తీసిన ప్రతి పాత భాగమును యజమానికి చూపియే బిల్లు వ్రాయవలెనని ఒక సభ్యురాలు చేర్చిన షరతునకు ఇరువురును ఒప్పుకొనిరి.

డీజిలు ఇంజను వేయించుటకు ముందు

ఆ సలహా పాటించియుండిన జీపు యజమాని మరియొకటి పోగొట్టుకొనియుండెడివాడు. 2021 జూలైలో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించిన నిబంధనల ప్రకారము 50 ఏండ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములను ‘వింటేజి’ వాహనములుగా నమోదు చేయించుకొనవచ్చును. నంబరులో ‘వీఏ’ అను అక్షరములు ఉండును. రుసుము 20,000 రూపాయలు, నమోదు 10 ఏండ్లు చెల్లును, పునరుద్ధరణకు 5,000 రూపాయలు. అయితే వాహనము అసలు రూపముననే ఉండవలెను. చట్రము, శరీరము, ఇంజను గణనీయముగా మార్చినచో ఆ అర్హత పోవును. అట్లు నమోదైన వాహనమును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు కొరకు తీసికొనిపోవచ్చును గాని, దినవారీ పనులకు గాని, వ్యాపారమునకు గాని రోడ్డు మీద వాడరాదు. ఊరేగింపులో దింపదలచినవారు రవాణా అధికారిని ముందుగా అడిగి తెలిసికొనవలెను.

పంచాయతీ పేరిట ఉన్న పాత వాహనముల సంగతి వేరు. 2023 ఏప్రిలు 1 నుండి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను కొనసాగదు. పంచాయతీల వాహనములును ఇందులో చేరును. అట్టి బండికి మరమ్మతు ఎంత చక్కగా చేయించినను రోడ్డెక్కుటకు వీలులేదు గనుక, దాని పేర గ్రామ నిధుల నుండి కాయిల్ కొనుటకు సైతము తీర్మానము చేయరాదు. అది గుర్తింపు పొందిన తుక్కు కేంద్రమునకు పోవలసినదే.

ఆ గ్రామములోని జీపు వానకాలము గడిచిన తరువాతను నడుచుచున్నదని మొన్న మరల వెళ్లినప్పుడు చూచితిని. ముందు సీటు క్రింద ఒక డబ్బాలో బల్బు, ఫీలరు గేజి, ఆకురాయి, అదనపు కండెన్సరు ఒకటి కలవు. మైకునకు వేరే బ్యాటరీ కొనిరి. అది వెనుక పీట మీద తాటిపగ్గముతో కట్టియున్నది.